గుర్రాల కథలు చదివి గుర్రాల కొలువు కావాలా..? జాకీ ఒక్కటే దారి కాదు.. అసలు ఉద్యోగాలు ఇక్కడున్నాయ్!

పేదరాశి పెద్దమ్మ కథల్లో రాజకుమారుడు ఎక్కే పంచకళ్యాణి దగ్గర్నుంచి మగధీర, ఆర్ఆర్ఆర్‌లో రామ్‌చరణ్ స్వారీ దాకా.. మనకు గుర్రం అంటే హీరోయిజమే. తెర మీద గుర్రం దూసుకెళ్తుంటే థియేటర్లో విజిల్స్ పడతాయి. సీన్ అయిపోయాక దాని ఒళ్లు ఎవరు తోమారు, ఎన్నింటికి దాణా పెట్టారు అని మాత్రం ఎవరూ అడగరు. గుర్రాల నవలలు చదివి, సినిమాలు చూసి 'నేనూ గుర్రాలతోనే పని చేస్తా' అనుకునే పిల్లలకు చిక్కొచ్చేది సరిగ్గా ఇక్కడే. వాళ్లకు తెలిసిన ఉద్యోగం ఒక్కటే, జాకీ. అది దొరకడం కష్టం, దొరికినా నిలబడటం ఇంకా కష్టం. మరి మిగతా దారులేంటి? ఏం చదవాలి? ఈ రంగంలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఓసారి చూద్దాం.

నవలల్లోనే ఉంది అసలు గుట్టు

గుర్రాల కథల్లో ప్రపంచమంతా చదివిన పుస్తకం 'బ్లాక్ బ్యూటీ'. 1877లో ఇంగ్లండ్‌లో వచ్చింది. రాసింది అన్నా సీవెల్. ఆమె జీవితంలో రాసిన నవల ఇదొక్కటే. చిన్నప్పుడు కాలికి దెబ్బ తగలడంతో సరిగా నడవలేకపోయింది. ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రపు బండే దిక్కు. పుస్తకం వచ్చిన కొన్ని నెలలకే, 1878లో చనిపోయింది.

ఈ నవలలో కథ చెప్పేది గుర్రమే. ఇప్పుడు పిల్లల పుస్తకంగా పేరు పడిపోయింది కానీ, ఆమె రాసింది గుర్రాలతో పని చేసే వాళ్ల కోసం. అందులో జో అని 14 ఏళ్ల కుర్రాడు ఉంటాడు. అర్ధరాత్రి డాక్టర్ కోసం పరిగెత్తి, చెమటతో తడిసి ఇంటికొచ్చిన గుర్రానికి చల్లటి నీళ్లు కడుపునిండా తాగిస్తాడు. ఒంటి మీద దుప్పటి కప్పడు. మంచి చేస్తున్నాననే అనుకుంటాడు పాపం. గుర్రం చావు అంచుల దాకా వెళ్తుంది. ప్రేమ ఉంటే సరిపోదు, పని తెలియాలి అన్న సంగతిని ఆ ఒక్క సీన్ చెప్పినంత సూటిగా ఏ కెరీర్ గైడూ చెప్పలేదు. గుర్రం తలను బలవంతంగా పైకి లాగి కట్టే పగ్గం వాడకంపై అప్పట్లో వ్యతిరేకత పెరగడానికి కూడా ఈ పుస్తకం ఊతమిచ్చింది.

ఇంకొకాయన డిక్ ఫ్రాన్సిస్. ఈయన లెక్కే వేరు. 1953-54 సీజన్‌లో బ్రిటన్ చాంపియన్ జాకీ. 1956 గ్రాండ్ నేషనల్ రేసులో రాజమాత గుర్రం డెవన్ లాక్ మీద అందరికంటే ముందున్నాడు. ఫినిషింగ్ లైన్ కనిపిస్తోంది. ఉన్నట్టుండి గుర్రం పొట్ట మీద కూలబడిపోయింది. ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదు. తర్వాతి ఏడాది ఆయన స్వారీ మానేశాడు. పత్రికలో రేసుల వార్తలు రాయడం మొదలుపెట్టాడు. 1962లో తొలి థ్రిల్లర్ 'డెడ్ సర్ట్' రాశాడు. ఆ తర్వాత 40కి పైగా నవలలు. విశేషం ఏంటంటే, ఆ నవలల్లో హీరో ప్రతిసారీ జాకీయే కాదు. ఒకదాంట్లో గుర్రాల కొనుగోళ్లు చూసే ఏజెంటు, ఇంకోదాంట్లో విమానాల్లో గుర్రాలను తరలించే ఉద్యోగి. వరసపెట్టి చదివితే ఈ పరిశ్రమలో ఎన్ని కొలువులున్నాయో ఓ చిట్టా తయారవుతుంది.

మన దగ్గర అయితే ఈ ముచ్చట ఇంకా పాతది. అజ్ఞాతవాసంలో నకులుడు విరాటరాజు కొలువులో చేరింది గుర్రాల సంరక్షకుడిగానే. అంతటి రాజకుమారుడు ఏడాది పాటు అశ్వశాలలో పని చేశాడన్నమాట!

జాకీ కావాలంటే.. కాటాయే తేలుస్తుంది

దేశంలో రేసులు నడిచే ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముంబై, పుణె, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, మైసూరు, ఢిల్లీ, హైదరాబాద్. మన మలక్‌పేట రేస్ కోర్స్ నిజాం కాలం నాటిది. మొదట మౌలాలిలో ఉండేది, 1886లో మలక్‌పేటకు మారింది.

జాకీ కావాలనుకునేవాళ్లు టీనేజ్‌లోనే టర్ఫ్ క్లబ్ నడిపే అప్రెంటిస్ స్కూల్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ట్రైనర్ దగ్గర గానీ చేరాలి. రేసులో గుర్రం మోసే బరువు మామూలుగా 50 నుంచి 60 కేజీల మధ్య ఉంటుంది. అందులో జీను బరువు కూడా కలిసే ఉంటుంది. అంటే పొడగరి కుర్రాడికి, ఒళ్లు చేసే శరీరం ఉన్నవాడికి తలుపు ముందే మూసుకుపోయినట్టే. ఎంత ఇష్టం ఉన్నా కాటా ఒప్పుకోదు. లోపలికి వెళ్లినవాళ్లకు కూడా తిండి మీద రోజూ యుద్ధమే. ఇక ప్రమాదం సంగతి చెప్పాలంటే.. రేసు జరుగుతున్నంతసేపూ గుర్రాల వెనకే అంబులెన్స్ పరిగెడుతుంది. అలంకారానికి కాదు, నిజంగా అవసరం కాబట్టి. గెలిచిన రేసుల ప్రైజ్ మనీలో వాటా వస్తుంది, కాబట్టి పైన ఉన్న కొద్దిమంది బాగా సంపాదిస్తారు. మిగతావాళ్లకు స్వారీలు దొరకడమే గగనం.

ఇంట్లో వాతావరణం కూడా పెద్ద తేడానే చూపిస్తుంది. దేశంలో టాప్ జాకీల్లో ఒకడైన సూరజ్ నర్రేడు తండ్రి సతీష్ నర్రేడు కూడా జాకీనే, తర్వాత ట్రైనర్ అయ్యారు. లాయంలో పుట్టి పెరిగినవాడితో బయటి కుర్రాడు పోటీ పడాలంటే ఆ ఏడెనిమిదేళ్ల వెనకబాటును కూడా పూడ్చుకోవాలి.

తెల్లారకముందే మొదలయ్యే డ్యూటీ

రేసు గుర్రాలకు ఎక్సర్‌సైజ్ పొద్దు పొడవకముందే మొదలవుతుంది. దానికంటే ముందు లేవాల్సినవాడు సైసు. గుర్రాన్ని తోమడం, దాణా, నీళ్లు, లాయం శుభ్రం.. అన్నీ అతనే. గుర్రం రోజుకు 30, 40 లీటర్ల నీళ్లు తాగుతుంది. మనిషిలా వాంతి చేసుకోలేదు. అందుకే కడుపునొప్పి వస్తే అది ప్రాణాంతకం కావచ్చు. గుర్రం దాణా వదిలేసిందని, పొట్ట వైపు పదేపదే తిరిగి చూస్తోందని, కాలితో నేల గీరుతోందని మొదట కనిపెట్టేది సైసే. డాక్టర్ వచ్చేది ఆ తర్వాతే. అలాంటి మనిషికి దక్కే జీతం, గుర్తింపు మాత్రం అంతంతమాత్రం. ఈ పరిశ్రమలో చెప్పుకోవాల్సిన అన్యాయం ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇక లాడాలు కొట్టే నాల్‌బంద్. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు మార్చాలి. రేసు గుర్రాలకైతే తేలికగా ఉండే అల్యూమినియం లాడాలు వేస్తారు. మేకు కాస్త పక్కకు పోయినా గుర్రం కుంటుతుంది. పుస్తకం చదివి నేర్చుకునే పని కాదిది. చేయి తిరిగినవాళ్లు తక్కువ కాబట్టి పని తెలిసినవాడికి గిరాకీ ఉంటుంది.

పందెం మీద పన్ను.. లాయం మీద దెబ్బ

రేసింగ్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. గుర్రప్పందెం కేవలం అదృష్టం కాదు, నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చట్టపరంగా దారి ఉంది. కానీ పన్ను? జీఎస్టీ వచ్చాక పందెం మీద 28 శాతం వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతమైంది.

పందెం కాసేవాడి గొడవ మనకెందుకు అనుకోవచ్చు. లింక్ ఉంది. క్లబ్ ఆదాయంలో ఎక్కువ భాగం పందేల మీద వచ్చే కమీషనే. ప్రైజ్ మనీ అందులోంచే వస్తుంది. పన్ను పెరిగితే పందెంరాయుళ్లు దొంగచాటు బుకీల వైపు పోతారు. క్లబ్ ఆదాయం తగ్గుతుంది, దాంతో ప్రైజ్ మనీ తగ్గుతుంది. ఓనర్లు కొత్త గుర్రాలు కొనరు. గుర్రాలు తగ్గితే సైసుకు, రైడింగ్ బాయ్‌కి పని పోతుంది. విదేశాల్లోనూ పరిస్థితి గొప్పగా ఏం లేదు. 2024లోనే మకావులో రేసులు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో సింగపూర్ ఆఖరి రేసు నడిపి 180 ఏళ్ల చరిత్రకు తెర దించింది. రేసింగ్‌నే నమ్ముకుని జీవితం ప్లాన్ చేసుకోవడం ఇప్పుడు రిస్కే.

పాము కాటుకు మందు.. గుర్రం నుంచే!

అవును, మీరు చదివింది నిజమే. పాము కాటుకు ఆస్పత్రిలో ఇచ్చే ఇంజెక్షన్ గుర్రం రక్తం నుంచే తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.. ఈ నాలుగింటి విషాన్ని చాలా కొద్ది మోతాదుల్లో గుర్రానికి ఎక్కిస్తారు. దాని శరీరం విరుగుడు తయారు చేసుకుంటుంది. ఆ తర్వాత రక్తం తీసి, ప్లాస్మా వేరు చేసి, శుద్ధి చేస్తారు. హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ ఈ మందు తయారుచేసే కంపెనీల్లో ఒకటి. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కథ కూడా గుర్రపు లాయంలోనే మొదలైంది. పూనావాలా కుటుంబానిది రేసు గుర్రాల స్టడ్ ఫారం. రేసులకు పనికిరాని గుర్రాలను సీరం తయారీ కోసం ముంబై హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చేవారు. ఆ పని మనమే ఎందుకు చేయకూడదనే ఆలోచనతో సైరస్ పూనావాలా 1966లో కంపెనీ పెట్టారు.

ఇక్కడ గుర్రాలను ఎలా చూసుకుంటున్నారు, ఎంత రక్తం తీస్తున్నారు అని జంతు సంక్షేమ సంస్థలు చాలాసార్లు ప్రశ్నించాయి. కాబట్టి మంచి పశువైద్యుడు ఉండాల్సిన చోటు ఇదే. ప్రైజ్ మనీతో, పందెంతో సంబంధం లేని ఉద్యోగం కూడా.

దీనికి కావాల్సింది వెటర్నరీ డిగ్రీ. ఇంటర్ బైపీసీ చదివి ఉండాలి. కోర్సు ఐదున్నరేళ్లు. తెలంగాణలో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ, ఏపీలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర వెటర్నరీ యూనివర్సిటీ ఉన్నాయి. ఆలిండియా కోటాకు నీట్. అయితే కాలేజీలో ఎక్కువగా కనిపించేవి ఆవులు, గేదెలు, కోళ్లే. గుర్రాల మీద పట్టు రావాలంటే రేస్ క్లబ్ ఆస్పత్రిలోనో, స్టడ్ ఫారంలోనో సీనియర్ దగ్గర పని నేర్చుకోవాలి. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు హర్యానాలోని హిసార్‌లో గుర్రాల కోసమే ప్రత్యేకంగా జాతీయ పరిశోధన కేంద్రం ఉంది.

యూనిఫాంతో గుర్రం

డిగ్రీ చేతికొచ్చిన వెట్‌కు ఇంకో దారి ఆర్మీ రిమౌంట్ వెటర్నరీ కోర్. 1779లో మొదలైన ఈ విభాగం కేంద్రం మీరట్‌లో ఉంది. ఆఫీసర్ పోస్టులే కాదు.. స్వారీ చేసేవాళ్లు, లాడాలు వేసేవాళ్లు, కట్లు కట్టే డ్రెస్సర్లు కూడా ఇందులో ఉంటారు. జైపూర్‌లోని 61వ కావల్రీ ఇప్పటికీ గుర్రాల దళమే. హైదరాబాద్‌లో పోలీసు గుర్రాలున్నాయి. శివరాంపల్లిలోని నేషనల్ పోలీస్ అకాడమీలో ట్రైనీ ఐపీఎస్‌లకు గుర్రపు స్వారీ కూడా శిక్షణలో భాగమే.

ఆటల్లో ఆశ పెరిగిన మాట వాస్తవం. 2018 ఏషియన్ గేమ్స్‌లో ఫవాద్ మీర్జా రెండు రజతాలు తెచ్చాడు. 2023లో హాంగ్‌ఝౌలో డ్రెస్సాజ్ టీమ్ 41 ఏళ్ల తర్వాత దేశానికి ఈక్వెస్ట్రియన్ స్వర్ణం అందించింది. అయితే ఈ ఆటకు గుర్రం సొంతంగా ఉండాలి, విదేశాల్లో శిక్షణ కావాలి. మధ్యతరగతి జేబుకు అందేది కాదు. రైడింగ్ స్కూల్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడం మాత్రం సాధ్యమే. వీకెండ్ క్లాసులకు పిల్లలను పంపే తల్లిదండ్రులు నగరాల్లో ఉన్నారు.

బయటి దేశాల్లో చదవాలనుకునేవాళ్లకు ఐర్లాండ్‌లోని ఐరిష్ నేషనల్ స్టడ్ గుర్రాల పెంపకంపై కోర్సు నడుపుతోంది. గొడాల్ఫిన్ ఫ్లయింగ్ స్టార్ట్ అనేది రెండేళ్ల కార్యక్రమం. ఖర్చంతా వాళ్లదే, కానీ ఏటా తీసుకునేది పన్నెండు మంది వరకే. దరఖాస్తులో చూసేది ఎన్ని మార్కులొచ్చాయని మాత్రమే కాదు, గుర్రాలతో ఎంతకాలం పని చేశారని కూడా. అందుకే ఈ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ముందు సెలవుల్లో దగ్గర్లోని రైడింగ్ స్కూల్‌లోనో, స్టడ్ ఫారంలోనో ఓ నెల పని చేసి చూడాలి. జీతం అడక్కుండా లాయం శుభ్రం చేస్తానంటే చాలాచోట్ల కాదనరు.