పాత కలముల ముచ్చట

పాత ఫౌంటెన్ పెన్నులను సేకరించువారిలో రెండు తెగలవారు గలరు. అద్దాల బీరువాలో నుంచి చూచి మురియువారు కొందరు. సిరా నింపి వ్రాయువారు కొందరు. నా పక్షపాతము రెండవవారి మీదనే.

రాజమహేంద్రవరమున కె.వి. రత్నంగారు 1932లో స్వదేశీ కలముల పని ప్రారంభించిరి. వారి కలమును మెచ్చుకొనుచు గాంధీజీ 1935 జూలైలో జాబు వ్రాసిరి. అట్టి కలములకు ఎబొనైటే ప్రాణము. రబ్బరును గంధకముతో కలిపి వేడిచేయగా గట్టిపడిన పదార్థమది. దాని కడ్డీని లేతుపై త్రిప్పి కలమును చెక్కుదురు. పట్టుకొన్న చేతికి చల్లగా తగులదు. అయితే ఎండ సోకిన నలుపు వెలిసి గోధుమరంగు తేరును. దానిని మెరుగుపెట్టి క్రొత్తదానివలె నిగనిగలాడించువారున్నారు. ఆ రాపిడిలో కలముపై చెక్కిన పేరుకూడ అరిగిపోవుటను వారు గమనింపరు కాబోలు!

డ్రాపరుతో సిరాపోయు కలములకొక పెంకితనము గలదు. సిరా తరిగినకొలది లోపల గాలి హెచ్చును. చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను వెలుపలికి నెట్టును. జాబు ముగింపబోవు వేళ కాగితముపై బొట్టు పడును! కావున సగమైనప్పుడే నింపుకొనుట మేలు.

బీరువాలోని కలమునకు ఈ బెడద లేదు. కాని కడుగక దాచినచో సిరా ఎండి పాళీక్రింది సన్నని కాలువ పూడిపోవును. అప్పుడు చన్నీట నానవేయవలెను; వేడినీరు ఎబొనైటు రంగును చెరచును.

నా యొద్దనున్న యొక కలము పాళీ, పూర్వపు యజమాని చేతివాటమునకు ఒకవైపు అరిగియున్నది. దానిని సరిచేయింపలేదు. కాగితమునే కొంచెము వాలుగా త్రిప్పి వ్రాయుచున్నాను.