మంద మేసిన పొలానికి పరిహారం ఎవరివ్వాలి?

హజ్రత్ దావూద్, హజ్రత్ సులైమాన్ (అలైహిముస్సలాం)ల ఎదుటికి వచ్చిన ఒక తగవు ప్రస్తావన దివ్య ఖుర్ఆన్ అంబియా సూరాలో ఉంది. ఒకరి గొర్రెల మంద రాత్రివేళ ఇంకొకరి పొలంలో పడి పైరంతా మేసేసింది. వ్యాఖ్యాతల వివరణ ప్రకారం, మందను పొలం యజమానికి ఇచ్చివేయాలన్నది దావూద్ (అ) తీర్పు. సులైమాన్ (అ) మరో మార్గం చూపారు. మంద యజమాని ఆ పొలాన్ని సాగుచేసి మునుపటి స్థితికి తేవాలి. అంతవరకు గొర్రెల పాలు, ఉన్ని పొలం యజమానివి. ఆ తర్వాత ఎవరి సొత్తు వారికి.

మందను శాశ్వతంగా లాక్కోలేదు. దాని రాబడిని మాత్రం నష్టపోయినవాడి వైపు మళ్ళించారు. అది జకాత్ కాదు, సదఖా అంతకన్నా కాదు, బాధితుడి హక్కు.

ఇదే తగవు నేడు దేశాల మధ్య నడుస్తోంది. బొగ్గు, చమురు, గ్యాసు మండించడం వల్ల భూమి వేడెక్కుతోంది. ఆ పాపంలో పాకిస్తాన్ వాటా నూటికి ఒక వంతు కూడా లేదు. అయినా 2022 వరదల్లో అక్కడ 1,700 మందికి పైగా మరణించారు, 3 కోట్ల 30 లక్షల మంది బాధితులయ్యారు. నష్టం 3,000 కోట్ల డాలర్లు దాటింది. అదే ఏడాది అమెరికా కంపెనీ ఎక్సాన్ లాభం 5,500 కోట్ల డాలర్లకు పైమాటే. సౌదీ ఆరామ్‌కో లాభమైతే 16,100 కోట్లు! మునిగినవారిలో అత్యధికులు ముస్లిములే, ఆర్జించినవారిలోనూ ముస్లిములున్నారు. ఈ మాట మన సభల్లో ఎవరూ ఎత్తరు.

2023 జనవరిలో జెనీవాలో పాకిస్తాన్‌కు 900 కోట్ల డాలర్లకు పైగా సాయం ప్రకటించారు. అందులో అత్యధిక భాగం అప్పులే. పైరు పోగొట్టుకున్నవాడే బాకీదారుడయ్యాడన్న మాట!

చమురు కంపెనీల అధిక లాభాలపై పన్ను వేసి, ఆ సొమ్మును ఇలాంటి దేశాలకు మళ్ళించాలని సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ 2022 సెప్టెంబరులోనే కోరారు. రెండు నెలలకు షర్మ్ అల్ షేఖ్ మహాసభ నష్టపరిహార నిధికి ఒప్పుకుంది. 2023లో దుబాయి సభ ముగిసేనాటికి దానికి వచ్చిన వాగ్దానాలు సుమారు 70 కోట్ల డాలర్లు. ఇష్టమైనవారు ఇష్టమైనంత ఇచ్చే పద్ధతి ఇది. లాభాలపై పన్ను మాట అందులో లేదు.

కంపెనీల నుంచి వసూలు సాధ్యమా అంటే, సాధ్యమే. ఓడల నుంచి సముద్రంలో చమురు ఒలికితే పరిహారమిచ్చే అంతర్జాతీయ నిధి 1978 నుంచే ఉంది. సభ్య దేశాల్లో ఏడాదికి లక్షన్నర టన్నులకు మించి సముద్రమార్గాన చమురు అందుకునేవారంతా దానికి చందా కట్టాల్సిందే. 2024లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం మరో అడుగు వేసింది. గతంలో తవ్వితీసిన లేదా శుద్ధిచేసిన ఇంధనం లెక్కన కంపెనీలు పరిహారం చెల్లించాలని చట్టం చేసింది. అయితే ఆ సొమ్ము ఖర్చయ్యేది ఆ రాష్ట్రంలోనే. సింధ్‌లో మునిగిన దాదూ, ఖైర్‌పూర్ పొలాలకు అందులో వాటా లేదు.