యుద్ధవిమానం లోపలి రంగు

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే మద్రాసు నుండి వేలాది జనం పిల్లాపాపలతో లోనాటి ఊళ్ళకు తరలిపోయారు. మద్రాసు నుండి బొంబాయి మార్గాన పోయేవారికి రేణిగుంట దారిలోనే ఉన్నది. ఇంత కలవరానికి కారణమైన ఆ విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌక నుండి లేచినవి. నకజిమా కంపెనీ రూపకల్పన చేసిన వీటిని బీ5ఎన్ అంటారు. మిత్రరాజ్యాలవారు కేట్ అని పేరు పెట్టారు.

ఇవాళ రేణిగుంటలో ఒక విద్యార్థి అదే విమానాన్ని ప్లాస్టిక్ ముక్కలతో 72వ వంతు నమూనాగా కూర్చదలచుకున్నాడనుకుందాం. 10.3 మీటర్ల విమానం 14 సెంటీమీటర్ల పైచిలుకు బొమ్మ అవుతుంది. పై రంగులకు పెట్టె మీది బొమ్మే చాలునేమో. కాని కేట్‌లో ముగ్గురు మనుషులు పొడవాటి అద్దాల కప్పు క్రింద వరుసగా కూర్చుంటారు. అద్దంలోనుండి లోపలంతా కనబడుతుంది. అక్కడ ఏ రంగు వేయవలెను? పెట్టెలోని కాగితం చాలాసార్లు ‘లోపలి పచ్చ’ అని ఒక్క మాటతో తేల్చివేస్తుంది. ఏ పచ్చ అన్నదే చిక్కు.

అసలు విమానం లోపల రంగెందుకు? అందానికి కాదు. శుద్ధమైన అల్యూమినియం గాలి సోకగానే తనపై తానే సన్నని ఆక్సైడు పొరను కప్పుకొని రక్షించుకుంటుంది. కాని శుద్ధలోహం మెత్తన. బలం కోసం రాగి కలిపి చేసిన మిశ్రలోహం సముద్రపు ఉప్పుగాలికి త్వరగా తినివేయబడుతుంది. ఓడ మీద కాపురముండే విమానానికి ఈ బాధ మరీ ఎక్కువ. అందుచేత ప్రతి దేశమూ ఏదో ఒక రక్షక పూతను వెదికింది.

అమెరికావారు ఎన్నుకొన్నది జింకు క్రోమేటు. పసుపుపచ్చని ఈ వర్ణకం తేమ తగిలినప్పుడు కొద్దికొద్దిగా కరిగి, లోహాన్ని తినే రసాయనిక చర్యను అడ్డుకుంటుంది. దానికి నలుపు కలిపితే వచ్చినదే అమెరికన్ విమానాలలోని ముదురుపచ్చ. బ్రిటిష్‌వారు బూడిదపచ్చను వాడారు. జర్మనులు మొదట పచ్చఛాయ గల బూడిదరంగు వేసి, 1941 చివరి నుండి చోదకుని గదికి నల్లటి బూడిదరంగును నిర్ణయించారు. జపానువారి పద్ధతి వేరు. వారు మెరిసే లోహం మీద నీలమూ పచ్చా కలిసిన పారదర్శకమైన లక్కపూత వేసేవారు. దాని పేరు అవోతాకె, అనగా పచ్చివెదురు. కలిపిన రంగు పాళ్ళనుబట్టి, పూత మందాన్నిబట్టి అది ఒకచోట నీలంగా, మరొకచోట పచ్చగా కనబడుతుంది. నమూనాకు మొదట వెండిరంగు పూసి, ఆరిన తరువాత పలుచని నీలపుపచ్చను పైన పట్టిస్తే ఆ మెరుపు వస్తుంది. మామూలు చిక్కని రంగుతో ఎన్నటికీ రాదు. చక్రాలు ముడుచుకునే గూళ్ళ వంటి చోట్లకు ఇది తగినది. మనుషులు కూర్చునే గదికి మాత్రం చిక్కని పచ్చపూత వేయడం జపాను నౌకాదళపు విమానాలలో తరచుగా కనబడే వాడుక.

ఆ పచ్చలోనూ కర్మాగారానికొక తీరు. జీరో అనే ప్రసిద్ధ యుద్ధవిమానాన్ని మిత్సుబిషి, నకజిమా రెండు కంపెనీలూ తయారుచేశాయి. విమానం ఒకటే, లోపలి పచ్చలు రెండు. నేటి జపాను రంగుల కంపెనీలు సైతం వీటికి వేరువేరు సీసాలు అమ్ముతున్నాయి. ఇక్కడ ఒక ఉచ్చు ఉన్నది. విశాఖ దాడికి రెండు నెలల తరువాత, 1942 జూన్ 4న, అదే ర్యూజో నుండి లేచిన ఒక జీరో అలాస్కా దగ్గరి అకుటాన్ ద్వీపపు బురదలో కూలింది. దాదాపు చెక్కుచెదరకుండా అమెరికావారి చేతికి చిక్కింది. ఓడ ఒకటే గదా అని ఆ జీరో రంగును కేట్‌కు పూస్తే తప్పే. ఆ జీరో మిత్సుబిషివారిది. రంగును నిర్ణయించేది ఓడ కాదు, జెండా కాదు, కర్మాగారం. కేట్‌ను సైతం నకజిమాతోపాటు ఐచి కంపెనీ, హిరో నౌకాదళ కర్మాగారమూ నిర్మించాయి కనుక, తాను చేయబోయేది ఎవరి నిర్మాణమో ముందు తేల్చుకొనుట మంచిది.

సాక్ష్యాలను తూచడంలోనూ మెలకువ కావాలి. నలుపు తెలుపు ఫొటోను నమ్మరాదు. ఆనాటి కొన్ని ఫిల్ములకు ఎరుపు సోకదు; వాటిలో పసుపు సైతం ముదురుగా పడుతుంది. మ్యూజియంలోని విమానం చాలాసార్లు మళ్ళీ రంగు వేసినదై ఉంటుంది. శిథిలం ముక్క మేలైన సాక్షి. కాని ఎండకు వెలిసిన ముఖాన్ని కాక, రేకుల అతుకులో దాగిన చోటును చూడాలి. అయితే పాత క్రోమేటు పూతను గీకరాదు. ఆ ధూళి క్యాన్సరు కారకం. నమూనాలకు అసలు జింకు క్రోమేటు అవసరమే లేదు. ఆ ఛాయ గల బొమ్మల రంగు చాలును.

శత్రువు విమానం వద్దనుకొనేవారికి తెలుగునాటి పేరుగల విమానాలే ఉన్నాయి. నిజాం విరాళంతో ఏర్పడిన 152వ హైదరాబాదు దళానికి చిహ్నం నిజాం తలపాగా. ఈ దళం స్పిట్‌ఫైర్లతో 1943 చివర భారతదేశానికి వచ్చింది. స్పిట్‌ఫైర్ చోదకుని గది బూడిదపచ్చ, పరికరాల పలక నలుపు. ఆసనం చాలావాటిలో బంక పట్టించిన కాగితపు పొరలతో చేసినది. దాని సహజవర్ణం ఎఱ్ఱమట్టి ఛాయ. దానికి పచ్చ పూయడం నమూనాలలో తరచు జరిగే పొరపాటు. 110వ హైదరాబాదు దళం 1944 చివర అందుకొన్న మస్కీటో కొయ్యవిమానం. కొయ్యకు త్రుప్పు లేకపోయినా, అందులోని గదికీ అదే బూడిదపచ్చ వేశారు.

సరైన రంగు దొరికిన తరువాత కూడా దానిని సీసాలోనిది సీసాలోనిట్లే పూయరాదు. 72వ వంతు బొమ్మను అర మీటరు దూరాన చూస్తే, అసలు విమానాన్ని 36 మీటర్ల నుండి చూసినట్లు. అంత దూరాన రంగులు పాలిపోతాయి. పైగా చిన్న గదిలోకి వెలుతురు తక్కువగా దూరుతుంది. కనుక నాలుగైదు చుక్కల తెలుపు కలపవలెను. అట్ట ముక్క మీద పూసి, పూర్తిగా ఆరనిచ్చి చూడవలెను; తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. ట్యూబులైటు క్రింద జతకుదిరిన రెండు పచ్చలు రేణిగుంట ఎండలో విడిపోవచ్చును. బొమ్మను ఏ వెలుతురులో ఉంచదలచుకున్నారో ఆ వెలుతురులోనే కలుపుకోవాలి. మూలలలో పలుచని నలుపు పారించి, అద్దాల కప్పును అన్నిటికన్న చివర అతికించాలి. అతికిన తరువాత లోపలి రంగును సవరించడానికి దారి ఉండదు.