మూడో టిక్కు ఎర్రబడితే...

వాట్సాప్‌లో రెండు టిక్కులు నీలం, మూడోది ఎరుపైతే సర్కారు మీ మీద చర్యలు మొదలుపెట్టినట్టట. మూడూ ఎర్రబడితే కోర్టు సమన్లు దారిలో ఉన్నట్టేనట. 'రేపటి నుంచి కొత్త కమ్యూనికేషన్ రూల్స్' అంటూ ఏళ్లుగా తిరుగుతున్న ఈ సందేశానికి ఆ 'రేపు' ఇంతవరకూ రాలేదు. ఇది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పి చెప్పి అలిసిపోయింది. అయినా గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో 'అందరికీ పంపండి' అంటూ మళ్లీ దిగుతూనే ఉంటుంది.

వాట్సాప్‌లో మూడో టిక్కు అన్నదే లేదు. ఒకటి పడితే వెళ్లిందని, రెండు పడితే చేరిందని, నీలమైతే చదివారని. 2016 ఏప్రిల్ నుంచి అక్కడి సందేశాలకు పంపినవారి ఫోన్లో తాళం పడుతుంది, అందుకున్నవారి ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీవాళ్లే చదవలేరు. అసలు నిఘా పెట్టేవాడెవడైనా ఎర్రదీపం వెలిగించి మరీ పెడతాడా?

నవ్వేసి వదిలేయొచ్చు కదా అంటారేమో. వదలలేం. 'ఫోన్లోంచి సర్కారు అన్నీ చూస్తోంది' అని ఏళ్ల తరబడి నమ్మిన మనిషికి ఓ పొద్దున వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనబడి, 'నువ్వు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నావు' అంటే అనుమానం ఎందుకొస్తుంది? టిక్కు చూసి సమన్లు పంపే ప్రభుత్వం కెమెరాలో అరెస్టు చేయదా అనుకుంటాడు. భయం ముందే నూరిపోసి ఉంది, మోసగాడి పని సగం అయిపోయింది.

మిగతా సగం ఇలా నడుస్తుంది. మొదట కొరియర్ పేరుతో ఫోను: మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీ ఆధార్‌తో ముంబైలో ఎవరో ఖాతా తెరిచారు. తర్వాత లైను 'సీబీఐ ఆఫీసరు'కి వెళ్తుంది. ఆయన వెనక జెండా, ముందు ల్యాప్‌టాప్, చేతిలో సుప్రీంకోర్టు పేరుతో నకిలీ ఉత్తర్వు. కెమెరా ఆపొద్దు, ఇంట్లోవాళ్లకి చెప్పొద్దు, బాత్రూమ్‌కి వెళ్లినా ఫోను పట్టుకునే వెళ్లాలి. చివరికి, 'మీ డబ్బు ఆర్‌బీఐ తనిఖీ చేసి తిరిగి ఇచ్చేస్తుంది, ఈ ఖాతాకి పంపండి'. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో పాతికేళ్లు డ్యూటీ చేసి తెచ్చుకున్న పీఎఫ్, గ్రాట్యుటీ అలా వెళ్లిపోతాయి.

అరెస్టంటే మనిషిని ప్రత్యక్షంగా అదుపులోకి తీసుకోవడం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ చెప్పేదీ అదే. పోలీసుల ముందు హాజరు కావాలనే నోటీసులను కూడా వాట్సాప్‌లో పంపొద్దని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2019 డిసెంబరులో 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో గూఢచర్యం ఆరోపణ మీద నేవీ సిబ్బంది ఏడుగుర్ని పట్టుకున్నది కూడా మనుషులు వెళ్లే. దేశ రహస్యాల కేసుకే లేని వీడియో అరెస్టు మీ కొరియర్ పార్శిల్‌కి ఎక్కడిది?

ఆ ఖాకీ చొక్కా ఎక్కడ కుట్టిస్తారో వేరే ఊళ్లకి తెలియకపోయినా విశాఖకి తెలిసుండాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు మన కుర్రాళ్ల దగ్గర తలా లక్షన్నర దాకా గుంజి కంబోడియాకి తరలించిన కేసును 2024 మేలో బయటపెట్టింది విశాఖ పోలీసులే. అక్కడ మాట వినకపోతే చీకటి గదిలో పెట్టి, తిండి మాన్పించి, సొంత దేశంవాళ్లనే మోసం చేయించారు. కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో మనవాళ్లు తిరగబడ్డాక కొందరు ఇల్లు చేరారు. తెలుగులో మిమ్మల్ని బెదిరించే గొంతు పక్క వీధి కుర్రాడిదే కావచ్చు. వాడిని బెదిరించేవాడు వాడి వెనకే నిలబడి ఉండొచ్చు.

ఇక నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. సర్కారుకి తొంగిచూసే సరదా లేదని నేననను. సందేశాలపై నిఘాకి ఐటీ చట్టం 69వ సెక్షన్, సైట్ల మూసివేతకి 69ఏ ఉన్నాయి. టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను 2020 జూన్ 29న ఆపేసింది ఆ 69ఏ కిందే. ఆ ఏడాదే ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకుపై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టిన గుంటూరు మహిళ మీద సీఐడీ కేసు పెట్టింది. ప్రతి కొత్త ఫోన్లోనూ టెలికాం శాఖ సంచార్ సాథీ యాప్ ముందే ఉండాలని 2025 నవంబరులో ఆదేశించిన కేంద్రం, గోల లేచాక డిసెంబరు 3న వెనక్కి తగ్గింది. గోల చేస్తే తగ్గారు, చూడండి. అసలు ఉత్తర్వుల మీద నోరు విప్పనివాళ్లే లేని టిక్కుకి వణకడం నాకు మింగుడుపడని విషయం.

మిగతా వదంతులు చిల్లరవి. గ్రూపులో ఎవరేం పెట్టినా అడ్మిన్ జైలుకే అన్నది తప్పు, బొంబాయి, కేరళ హైకోర్టులు కాదన్నాయి. 'నా ఫొటోలు వాడుకోవడానికి ఫేస్‌బుక్‌కి అనుమతి లేదు' అని గోడ మీద రాసుకుంటే ఏమీ కాదు, ఖాతా తెరిచిన రోజే ఒప్పుకున్నారు. ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదనేవాళ్లు ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలియదని సరిదిద్దుకోవాలి.

మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోండి, యాప్ అక్కర్లేదు. వాట్సాప్‌కి టూ-స్టెప్ పిన్ పెట్టండి. ఖాకీ కాల్ వస్తే పెట్టేయండి, మర్యాదలేం అక్కర్లేదు. నాన్నగారు గది తలుపు వేసుకుని గంటలకొద్దీ ఫోన్లో ఉంటే తలుపు కొట్టండి. డబ్బు వెళ్లిపోయి ఉంటే ముందు సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఏడుపూ తిట్లూ తర్వాత. ఖాతాలోంచి ఖాతాలోకి అది దూకేలోపే బ్యాంకు ఆపగలదు. లావాదేవీ నంబరు, డబ్బు వెళ్లిన ఖాతా నంబరు చేతిలో ఉంచుకోండి. సిగ్గుపడి చాట్ మాత్రం డిలీట్ చేయకండి, పోలీసులకి అది కావాలి.