తుపాకుల వర్తకుని చిట్టా – కొన్నవాని గుట్టు

సంఘమునందు అప్పు పుచ్చుకొనిన సభ్యుని ఖాతాను ఆడిటరు చూడవచ్చును, పొరుగువాడు చూడరాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకులమ్ము వర్తకుల లెక్కలను గూర్చియు ఇట్టి తగవే చిరకాలముగా నడచుచున్నది.

అచ్చట 1968 సంవత్సరపు చట్టము ననుసరించి వర్తకుడు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు పొందవలెను. కొనువాడు తన పేరు, చిరునామా, పుట్టిన తేదీ ఒక ఫారమునందు వ్రాసి సంతకము చేయును. వింత యేమనగా, ఆ ఫారము సర్కారు కచేరీకి పోదు, అంగడిలోనే యుండును. పేర్లన్నియు ఒకచోట చేరినచో ఎన్నడో యొక ప్రభుత్వము ఆ పట్టీని చేతబట్టుకొని ఇంటింటికి వచ్చి తుపాకులు లాగికొనునని అచ్చటి వారిలో పలువురి భయము. కావున అట్టి పట్టీ కూడదని 1986లో శాసించిరి.

నేరస్థలమున తుపాకి దొరికినచో, దానిపై చెక్కిన నంబరునుబట్టి మొదట చేసిన కంపెనీని, పిదప టోకు వర్తకుని, తుదకు చిల్లర వర్తకుని అడుగుదురు. ఇతడు 24 గంటలలో జవాబీయవలెను. మూతపడిన అంగళ్ల పుస్తకములు పశ్చిమ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గునకు చేరును. అచ్చట వానిని కంప్యూటరునందు భద్రపఱచుదురు గాని, పేరునుబట్టి వెదకు వీలుంచలేదు. మంచి యంత్రమును కోరి కుంటిదానిని చేయుట మనకు చిత్రముగా తోచును. గుట్టు నిలుపుటకు వారు తెలిసి చెల్లించు మూల్యమది.

అడుగకయే తెలుపవలసినవియు గలవు. తుపాకి దొంగిలింపబడినచో, తెలిసిన 48 గంటలలో తెలుపవలెను. వరుసగా అయిదు పనిదినములలో ఒక్కడే రెండు పిస్తోళ్లుగాని అంతకుమించిగాని కొన్నచో, నాటి అంగడి మూయులోపలనే తెలుపవలెను. ఈ నివేదిక ప్రతి యొకటి స్థానికాధికారులకు పోవును. కొన్నవాడు తుపాకి యుంచుకొనుటకు అర్హుడే యైనచో, వారు దానిని వెల్లడింపక 20 దినములలో నాశనము చేయవలెను. ఎచ్చరికయు గోప్యమును ఒక్కచోట నిమిడిన ఈ నియమమే నాకు మెచ్చదగినదిగా కనబడుచున్నది.

మెక్సికో ముఠాలకు ఆయుధములు పోవుచున్నవని 2011లో సరిహద్దునగల నాలుగు రాష్ట్రముల వర్తకులను, కొన్ని జాతుల రైఫిళ్లకు సయితము ఇట్టి నివేదిక నిమ్మనిరి. వర్తకులు కోర్టుకెక్కిరి, 2013లో అప్పీలు కోర్టు ప్రభుత్వపక్షముననే తీర్పు చెప్పెను.

అంగడి దాటిన పిదప ఒక రాష్ట్రవాసి అదే రాష్ట్రవాసికి తన తుపాకి నమ్మినచో కేంద్ర చట్టము లెక్క యడుగదు. మన దేశమున అట్లుగాదు. పంట కాపుదలకై తుపాకి లైసెన్సు పొందిన సభ్యులు దానిని అమ్మదలచినచో, 1959 సంవత్సరపు ఆయుధముల చట్టముక్రింద కొనువాని పేరు, చిరునామా జిల్లా మేజిస్ట్రేటునకుగాని సమీప పోలీసుస్టేషను అధికారికిగాని వ్రాతమూలముగా తెలిపి, 45 దినములు గడచిన పిమ్మటనే, చట్టప్రకారము అర్హుడైనవానికి మాత్రమే అమ్మవలెను.