ఇరవయ్యో గీత దగ్గర ఏభై యూనిట్లు

భౌతికశాస్త్రం లెక్కలో జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే నేను అరమార్కు కోస్తాను. "అంకె సరిగ్గానే వచ్చింది కదండీ మాస్టారూ!" అని పిల్లలు దెబ్బలాడతారు. వాళ్లకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి మీకు చెబుతాను. ఒకసారి ఆ అరమార్కు తప్పు నేనే చేశాను.

2016 వేసవి. మా అమ్మకు చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి. రోజూ పొద్దున ఇరవై యూనిట్ల ఇన్సులిన్ సూది వేసేది నేనే. ఆ వారం ఎప్పుడూ కొనే సీసా దొరకలేదు. మందుల షాపులో అదే కంపెనీది, అదే పేరుగల సీసా మరొకటి ఇచ్చారు. పేరు చూశాను, గడువు తేదీ చూశాను, తెచ్చేశాను. ఇంట్లో ఉన్న సిరంజీలోకి ఇరవయ్యో గీత దాకా మందు లాగి సూది వేశాను. అమ్మ రెండు ఇడ్లీలు తిన్నది. కాసేపటికి "కాళ్లూ చేతులూ వణుకుతున్నాయిరా, కళ్లు తిరుగుతున్నాయి" అంది. ఫ్యాను కింద కూర్చున్నా ఒళ్లంతా చెమట.

పంచదార నీళ్లు తాగించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్లాం. (స్పృహలో ఉంది కాబట్టి తాగించాం. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.) రక్తంలో గ్లూకోజు డెసీలీటరుకు 44 మిల్లీగ్రాములే ఉంది. 70 కంటే తగ్గితేనే జాగ్రత్తపడాలి. మెదడుకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజే మరి! సెలైన్‌తో పాటు గ్లూకోజు ఎక్కించారు. ఆ రకం ఇన్సులిన్ చాలా గంటలు పనిచేస్తూనే ఉంటుంది కనుక మర్నాటి దాకా ఇంటికి పంపలేదు.

డాక్టరుగారు సీసా తెప్పించి చూశారు. దాని మీద చిన్న అక్షరాలతో 'మిల్లీలీటరుకు 100 యూనిట్లు' అని ఉంది. మా పాత సీసాలో మందు మిల్లీలీటరుకు 40 యూనిట్లే. నేను ముందు షాపువాడి మీద మండిపడ్డాను. కానీ అతను దాచిందేముంది? సీసా మీద రాసే ఉంది.

ఇప్పుడు మీరు కాగితం, పెన్సిలు తీసుకోండి. మా సిరంజీ 40 రకానిది. అంటే ఒక మిల్లీలీటరును నలభై యూనిట్లుగా లెక్కగట్టి గీతలు గీశారు. ఇరవయ్యో గీత దగ్గర పట్టేది అర మిల్లీలీటరు. అందులో 100 రకం మందు పోస్తే ఎన్ని యూనిట్లు? ఏభై! కావలసినదానికి రెండున్నర రెట్లు. తిరగేసి కూడా చూడండి. 40 రకం మందును 100 సిరంజీతో లాగితే ఇరవయ్యో గీత దగ్గర ఉండేది ఎనిమిది యూనిట్లే. అప్పుడు వణుకూ ఉండదు, చెమటా ఉండదు. చక్కెర మాత్రం చాపకింద నీరులా పెరిగిపోతుంది.

మన దేశంలో ఈ రెండు రకాలూ అమ్ముతున్నారు. 40 సిరంజీకి ఎర్ర మూత, 100 సిరంజీకి నారింజ మూత. రంగులకే కరువొచ్చినట్టు ఎరుపూ నారింజా ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు!

బ్రిటన్‌లో ఒకప్పుడు ఇంతకంటే గందరగోళం. అక్కడ 20, 40, 80 అని మూడు బలాల ఇన్సులిన్ ఉండేది. సిరంజీ మీద మాత్రం మిల్లీలీటరుకు ఇరవై గీతలే. గీతలను యూనిట్లుగా మార్చుకోవడానికి రోగి రోజూ లెక్క కట్టాలి. చివరకు 1983లో అక్కడ 100 రకం ఒక్కటే ఉంచడానికి పూనుకున్నారు. దాంతో ఆ లెక్కే పోయింది.

ఆపరేషన్ గదిలో దీనికంటే చక్కని ఉపాయం ఉంది. మత్తు ఇచ్చే యంత్రానికి ఆక్సిజన్, నైట్రస్ ఆక్సైడు సిలిండర్లు తగిలిస్తారు. నైట్రస్ ఆక్సైడు మీ పుస్తకంలోని 'నవ్వించే వాయువే'. పూర్వం ఈ రెండూ తారుమారై రోగులు చనిపోయిన సందర్భాలున్నాయి. సిలిండర్లకు వేర్వేరు రంగులు వేసినా, హడావిడిలో కన్ను పొరపడవచ్చు. అందుకని చిన్న సిలిండరు తలకు రెండు రంధ్రాలు, అది కూర్చునే చోట రెండు మేకులు పెట్టారు. ఒక్కొక్క వాయువుకు ఆ జత ఒక్కొక్క స్థానంలో ఉంటుంది. ఆక్సిజన్‌కు 2, 5 స్థానాలు; నైట్రస్ ఆక్సైడుకు 3, 5. ఒకదాని చోట మరొకటి పెట్టబోతే సిలిండరు కూర్చోదు. నిద్ర చాలని మనిషి చేతినైనా ఇనుప మేకు ఆపేస్తుంది.

ఇన్సులిన్ సీసా రబ్బరు మూతకు ఆ తెలివి లేదు. ఏ సూదినైనా లోపలికి రానిస్తుంది. చీటీ రాసే చేతితోనూ ఇదే చిక్కు. యూనిట్లు అనడానికి ఇంగ్లీషు 'యు' అక్షరం ఒక్కటే రాస్తే, అది సున్నాలా కనబడి 4 యూనిట్లు 40 అయిపోవచ్చు. అందుకే ఆ మాట పూర్తిగా రాయమంటారు. దశాంశ బిందువుకు ముందు సున్నా పెట్టమనేదీ ఇందుకే. 0.5లో చుక్క చెరిగిపోయినా సున్నా చూసి అనుమానం వస్తుంది. ఉత్త .5 అయితే 5 అనే చదువుతారు.

ఇప్పుడు మా ఇంట్లో సీసాను, దానికి సరిపోయే సిరంజీలను ఒకే డబ్బాలో పెడతాం. కొత్త సీసా వస్తే పాత సిరంజీలు ఆ డబ్బాలో ఉండడానికి వీల్లేదు. అమ్మ చదువుకోలేదు, కానీ అంకెలు పోల్చగలదు. సీసా మీది నలభైనీ, సిరంజీ మీది నలభైనీ వేలు పెట్టి చూపిస్తేనే చెయ్యి ముందుకు చాపుతుంది.