గోల్ ఆపిన అమ్మాయి పేరేంటి?

ఫ్రెండ్స్, చిన్న క్విజ్. భారత మహిళల జట్టుకి కెప్టెన్‌గా ఉండి, టీమ్‌ని హాకీ5ఎస్ ప్రపంచకప్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన తెలుగమ్మాయి ఎవరు? గూగుల్ చెయ్యకుండా చెప్పాలి.

మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో అడిగాను. తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లతో నిండిన గ్రూప్ అది. ఐపీఎల్ వేలంలో ఎవరు ఎంతకి పోయారో పైసలతో సహా చెప్తారు. దీనికి మాత్రం ఒక్క రిప్లై లేదు, బ్లూ టిక్కులే.

అసలు ఈ టాపిక్ లేవడానికి కారణం టొరంటోలో ఉన్న మా తెనాలి వాడు. వాడికి ఐస్ హాకీ పిచ్చి. అదీ గోల్స్ కొట్టేవాళ్ల మీద కాదు, డిఫెన్స్‌మన్ల మీద. మంచు మీద జట్టుకి ఆరుగురు: ముందు ముగ్గురు, వెనక ఇద్దరు డిఫెన్స్, ఒక గోలీ. స్వీడన్ నుంచి వచ్చిన నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ ఆ వెనక నిలబడే ఉద్యోగాన్ని డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అనే ఒకే క్లబ్బులో 1991 నుంచి 2012 దాకా చేశాడు. 20 సీజన్లు, 1,564 మ్యాచ్‌లు, 4 స్టాన్లీ కప్‌లు, బెస్ట్ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చే నోరిస్ ట్రోఫీ 7 సార్లు. రెండేళ్లకో కంపెనీ మారే మా జాతికి ఇది అర్థం కావడం కాస్త కష్టమే.

రేపల్లె ఎండకి ఐస్ అంటే చెరుకురసం బండి మీద కనబడేదే. కాబట్టి ఐస్ వదిలేద్దాం. హాకీ అయితే మనకీ ఉంది, ఆపేవాళ్లూ ఉన్నారు.

ఆమె పేరు ఎతిమరపు రజని. పాత చిత్తూరు జిల్లా యర్రావారిపాలెం మండలం అమ్మాయి. గోల్‌కీపర్. ఫార్వర్డ్‌లు మ్యాచ్‌లో ఎన్నిసార్లైనా లోపలికీ బయటికీ మారుతుంటారు. కీపర్ సీటు ఒక్కటే. ఆ సీట్లో సవిత పునియా ఉంది. ఇద్దరూ 1990లోనే పుట్టారు, అంటే సీనియర్ రిటైరైతే మన వంతు అనుకునే చాన్స్ కూడా లేదు!

మా భాషలో చెప్పాలంటే స్టాండ్‌బై సర్వర్. ట్రాఫిక్ అంతా మెయిన్ దానికే వెళ్తుంది. కానీ ఇది రోజూ ఆన్‌లో ఉండాలి, అప్‌డేట్ అవ్వాలి, ఏ క్షణాన పిలిచినా లేచి నిలబడాలి. 2018 ఆసియా క్రీడల్లో వెండి, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో కంచు గెలిచిన జట్లలో రజని ఉంది. ఒలింపిక్స్ దగ్గరే లెక్క తేడా. అక్కడ మామూలుగా 16 మందికే చోటు, అందుకే చాలా జట్లు ఒక్క కీపర్‌తోనే సరిపెట్టుకుంటాయి. టోక్యోలో మన అమ్మాయిలు కంచు పతకం మ్యాచ్‌లో బ్రిటన్ చేతిలో 3-4తో ఓడినప్పుడు దేశమంతా సవితని గోడ అంది. అందులో తప్పేం లేదు, ఆడింది కూడా గోడలాగే. ఆ టోర్నీకి రజని రిజర్వ్.

హాకీ5ఎస్ సంగతి వేరు. జట్టుకి ఐదుగురే, గ్రౌండ్ చిన్నది. ఐస్ హాకీలో లాగే పక్కన బోర్డులుంటాయి, బంతి కొట్టుకుని వెనక్కి వస్తుంది. గోల్ గ్రౌండ్‌లో ఎక్కడి నుంచైనా కొట్టొచ్చు. కీపర్‌కి కన్ను ఆర్పే టైమ్ ఉండదు. 2024 జనవరిలో మస్కట్‌లో ఈ ఫార్మాట్‌కి మొట్టమొదటి ప్రపంచకప్ జరిగితే, భారత మహిళల జట్టు పగ్గాలు రజనికే ఇచ్చారు. క్వార్టర్స్‌లో న్యూజిలాండ్‌ని 11-1తో, సెమీస్‌లో దక్షిణాఫ్రికాని 6-3తో చితక్కొట్టారు. ఫైనల్లో నెదర్లాండ్స్ మాత్రం 7-2తో మనల్ని ఆపేసింది.

ఆ స్కోర్ చూసి పెదవి విరిచేవాళ్లకి ఒక్క మాట. అన్నేళ్లు రెండో నంబర్‌గా ప్రాక్టీస్‌కి వెళ్లిన మనిషి, 33 ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ప్రపంచకప్ వెండి పతకం తెచ్చింది. నేనైతే రెండో అప్రైజల్‌కే రిజ్యూమే అప్‌డేట్ చేసేవాణ్ని.